జావా కొత్తగా నేర్చుకునేవారు కోడ్ రాసే పద్ధతిని మొదటి నుంచే పట్టించుకోవాలా?

కొత్తవిద్యార్థి:
జావా ప్రోగ్రామింగ్ భాష మొదలుపెట్టి రెండు నెలలైంది. షరతు చెప్పే ‘ఇఫ్’ ఉన్న వరుసలోనే ఫ్లవర్ బ్రాకెట్ ‘{’ తెరవాలని కొందరు, కింది వరుసలో తెరవాలని కొందరు, లోపల ఒకే వాక్యం ఉంటే బ్రాకెట్లే అక్కర్లేదని మరికొందరు చెబుతున్నారు. ప్రోగ్రామ్ ఎలా రాసినా నడుస్తున్నప్పుడు వీటిలో దేన్ని అలవాటు చేసుకోవాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

పాఠాలుచెప్పేవాణ్ణి:
కింది వరుసలో తెరవడం తప్పు కాదు గానీ, జావాను తయారుచేసిన సన్ సంస్థ 1990లలో ఇచ్చిన నియమావళి, గూగుల్ జావా నియమావళి రెండూ అదే వరుసలో తెరవమంటాయి. ఇండెంటేషన్‌కు, అంటే వరుసను లోపలికి జరపడానికి, మొదటిది 4 ఖాళీలు, రెండవది 2 ఖాళీలు చెబుతుంది. మీకు నచ్చినదాన్ని ఎంచుకుని చివరిదాకా అదే పాటించండి. బ్రాకెట్లు వదిలేయడాన్ని మాత్రం నేను ఒప్పుకోను. ఉష్ణోగ్రత 100 దాటితే హెచ్చరిక ముద్రించే ఇఫ్‌ను నా విద్యార్థి ఒకరు బ్రాకెట్లు లేకుండా రాసి, హెచ్చరికల సంఖ్యను పెంచే వాక్యాన్ని కూడా దాని కిందే, అంతే లోపలికి జరిపి చేర్చారు. చూసేవారికి రెండూ ఇఫ్ లోపలే ఉన్నట్టు కనిపించాయి, కాని కోడ్‌ను యంత్రం నడిపే రూపంలోకి మార్చే కంపైలర్ ఖాళీలను లెక్కచేయదు, బ్రాకెట్లు లేనప్పుడు మొదటి వాక్యాన్నే ఇఫ్‌కు చెందినదిగా తీసుకుంటుంది కాబట్టి రెండవ వాక్యం ప్రతిసారీ నడిచింది. ఆ ఒక్క తప్పు కోసం మేమిద్దరం గంటసేపు వెతికాం.

పాతకోడ్‌చదివేవాణ్ణి:
బ్రాకెట్ల విషయం నిజమే. అయినా నా ఉద్యోగంలో ఎక్కువ కాలాన్ని తినేసింది పేర్లే. నెలవారీ వడ్డీని ‘ఎక్స్1’ అని, మిగిలిన అప్పును ‘టెంప్’ అని పిలిచిన నా సొంత కోడ్‌ను ఏడాది తర్వాత తెరిస్తే, అర్థం చేసుకోవడానికి ఒక రోజు పట్టింది. జావా పద్ధతి ప్రకారం క్లాస్ పేరు పెద్ద అక్షరంతో, మెథడ్, వేరియబుల్ పేర్లు చిన్న అక్షరంతో మొదలవుతాయి, మారని విలువల పేర్లు పూర్తిగా పెద్ద అక్షరాల్లో ఉంటాయి. ఇంటీజర్ క్లాస్‌లోని ‘మ్యాక్స్_వాల్యూ’ను చూడగానే అది మారదని తెలిసిపోయేది అందుకే.

పాఠాలుచెప్పేవాణ్ణి:
2018లో జావా 10తో వచ్చిన ‘వార్’ గురించి కూడా ఒక మాట. వేరియబుల్ టైపును, అంటే అందులో ఉండే విలువ రకాన్ని, మనం రాయకుండా కంపైలర్‌కే వదిలేసే పదం అది. టైపులు చేతికి అలవాటయ్యేదాకా దాన్ని వాడవద్దని నా అభిప్రాయం.

పాతకోడ్‌చదివేవాణ్ణి:
కుడివైపు ‘న్యూ’తో పాటు క్లాస్ పేరు స్పష్టంగా ఉన్నచోట దానివల్ల నష్టం లేదని నేను అనుకుంటాను. ఒక మెథడ్ తిరిగి ఇచ్చే విలువ దగ్గరైతే మీ మాటే సరైనది. ఇండెంటేషన్‌ను చేత్తో సరిచేయకుండా ఎడిటర్‌లో కోడ్‌ను తానే సర్దే ఫార్మాటర్‌కు అప్పగించండి. ఎక్లిప్స్ అనే ఎడిటర్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్ మీటలు కలిపి నొక్కితే చాలు.

కొత్తవిద్యార్థి:
మీరు చెప్పినట్టే నా పాత ప్రోగ్రామ్‌లపై ఫార్మాటర్ నడిపాను. మార్కుల సగటు లెక్కించే ప్రోగ్రామ్‌లో, పనిని మళ్లీ మళ్లీ చేయించే ‘ఫర్’ లూప్ కింద నేను బ్రాకెట్లు లేకుండా, లోపలికి జరిపి రాసిన రెండు వాక్యాల్లో రెండవదాన్ని అది ఎడమకు లాగేసింది. విద్యార్థుల సంఖ్యను పెంచే వాక్యం అదే. అది లూప్ బయట ఒక్కసారే నడవడంతో సంఖ్య ఎప్పుడూ 1గానే ఉండిపోయింది. సగటు ఎప్పుడూ మొత్తం మార్కులకు సమానంగా ఎందుకు వస్తోందో ఇన్నాళ్లకు తెలిసింది.