న్యూట్రినోలు కనబడవు కదా, ఎన్‌ఏ62 ప్రయోగం అరుదైన కేయాన్ విఘటనను ఎలా పట్టుకుంటుంది?

ప్రశ్న:
సెర్న్‌లో ఎన్‌ఏ62 అనే కణ భౌతిక ప్రయోగం వెతికేది ధన కేయాన్ (త్వరగా విడిపోయే కణం) దానికంటే తేలికైన ఒక ధన పయాన్‌గా, న్యూట్రినో, యాంటీన్యూట్రినోలుగా విడిపోవడం. కణాల ప్రామాణిక సిద్ధాంతమైన స్టాండర్డ్ మోడల్ లెక్కలో ఇది దాదాపు 1,200 కోట్ల విఘటనల్లో ఒక్కటి. మిగిలేది ఒక్క పయాన్ జాడ. మామూలు విఘటనల్లోనూ అలాంటి జాడలే వస్తాయి కదండీ, తేడా ఎలా తెలుస్తుంది?

జవాబు 1:
మిస్సింగ్ మాస్‌తో. వచ్చిన కేయాన్ నుంచి పోయిన పయాన్ శక్తినీ మొమెంటమ్‌నూ తీసేస్తే, కనబడని వాటి ద్రవ్యరాశి వర్గం తేలుతుంది. కేయాన్ ఒక పయాన్, ఒక పై-సున్నా (విద్యుదావేశం లేని పయాన్)గా విడిపోతే (విఘటనల్లో 20.7 శాతం) అది సరిగ్గా 0.018 జీఈవీ (కణాల శక్తి, ద్రవ్యరాశి కొలమానం) వర్గం దగ్గర గుట్టగా పడుతుంది. మూడు పయాన్లయితే 0.068 దాటాకే. అందుకే 0–0.010, 0.026–0.068 ఈ రెండు కిటికీల్లోనే వెతుకుతారు. లెక్క పూర్తయ్యేదాకా వాటిని తెరవరు.

కానీ 75 జీఈవీ కణాల కిరణంలో కేయాన్లు 6 శాతమే. అది కేయానేనని కేట్యాగ్ అనే డిటెక్టర్ చెబుతుంది, మొమెంటమ్‌ను కిరణం దారిలో పెట్టిన సిలికాన్ గిగాట్రాకర్ కొలుస్తుంది.

జవాబు 2:
గుట్టకు తోకలుంటాయి, కాబట్టి కిటికీలొక్కటే చాలవు. పై-సున్నా నుంచి వచ్చే ఫోటాన్లు తప్పించుకోకూడదు. పయాన్ మొమెంటమ్‌ను మొదట్లో 35 జీఈవీ లోపు ఉంచడానికి కారణం ఇదే: పై-సున్నాకు కనీసం 40 జీఈవీ మిగులుతుంది, అంత శక్తిగల ఫోటాన్లు ద్రవ క్రిప్టాన్ కెలోరిమీటర్‌కో చుట్టూ ఉన్న వీటో డిటెక్టర్లకో (అదనపు కణం తగిలితే ఆ ఘటనను కొట్టేసేవి) దొరుకుతాయి. పయాన్ల జాడలాగే కనబడే మ్యూయాన్ల సంగతి (విఘటనల్లో 63.6 శాతం!) నియాన్ నింపిన 17 మీటర్ల రిచ్ (కణం వెదజల్లే కాంతితో దాన్ని గుర్తించే డిటెక్టర్) చూసుకుంటుంది. 15 జీఈవీ కంటే దిగువన పయాన్ అందులో సరిపడా కాంతి ఇవ్వదు.

జవాబు 3:
అసలు తలనొప్పి ఇవేవీ కావు. కేయాన్ గిగాట్రాకర్ దగ్గరే ముందుగా విడిపోయి పయాన్ లోపలికి వస్తుంది, అదే క్షణంలో మరో కేయాన్ దాటుతుంది. రెండింటినీ తప్పుగా జత కడితే మిస్సింగ్ మాస్ ఎక్కడైనా పడొచ్చు, కిటికీలోనూ. టైమింగ్ ఎంత పదునుగా ఉంటే ఇది అంత తగ్గుతుంది. 2021లో నాలుగో గిగాట్రాకర్ స్టేషన్, ఎగువన వీటో కౌంటర్ పెట్టింది ఇందుకే.

ప్రశ్న అడిగినవారు:
మరి 2024 ఫలితం కొత్త భౌతికశాస్త్రమేనా?

జవాబు 3:
తొందరపడొద్దు. 51 ఘటనలు దొరికాయి, అందులో నేపథ్యం (ఇలా పొరబాటున చొరబడే మామూలు విఘటనలు) అంచనా 18. కేయాన్ ఇలా విడిపోయే నిష్పత్తి 13.0×10⁻¹¹, అందులో 13.0కు అటూఇటూ అనిశ్చితి సుమారు 3. సిద్ధాంతం 8.4 అంటోంది. విఘటన ఉందన్నది 5 సిగ్మా (ఫలితం యాదృచ్ఛికం కాదనే నమ్మకానికి కొలమానం) దాటింది, సిద్ధాంతంతో తేడా మాత్రం 2 సిగ్మా కూడా లేదు.