తమ్ముడి కథను తమ్ముడే చెప్పాలంటే ఏం చేయాలి?

హనుమకొండ అక్క:
మా తమ్ముడికి 24 ఏళ్లు. మేధోపరమైన వైకల్యం ఉండటం వల్ల రెండు మూడు మాటల వాక్యాలే పలుకుతాడు. మా కాలనీలో నెలకోసారి జరిగే కథల సాయంత్రంలో అందరూ వాడిని ఆప్యాయంగా ముందు వరుసలో కూర్చోబెట్టి చప్పట్లు కొట్టిస్తారు, అంతటితో సరి. వాడికేమో చెప్పాలని ఉంది. కాజీపేట జంక్షన్‌లో కదులుతున్న రైలెక్కబోయి నాన్న చెప్పులు ప్లాట్‌ఫారం మీదే వదిలేసిన సంగతిని ఇంట్లో పదేపదే చెప్పి నవ్వుతాడు. నలుగురిలో మొదలుపెట్టగానే ఎవరో ఒకరు అందుకుని పూర్తిచేసేస్తారు. దీన్ని ఎలా మార్చాలి?

భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రం) టీచర్:
అమ్మా, కథకు ఆ చెప్పుల సంగతి చాలు, నీతి ఏదీ జోడించకండి. మాటలు తక్కువగా ఉన్న వ్యక్తీ, తోడుగా ఉన్న వ్యక్తీ కలిసి ఇలాంటి నిత్యజీవితపు ఘటనలనే చెప్పే పద్ధతి ఒకదాన్ని బ్రిటన్‌లో స్పీచ్ థెరపిస్టు నికోలా గ్రోవ్ ప్రచారంలోకి తెచ్చారు. మీరు తోడుగా ఉన్నప్పుడు ‘ఎక్కడికి వెళ్లాం, ఎవరొచ్చారు’ అని పరీక్ష పెట్టినట్టు అడగవద్దు. ‘రైలు కూత వేసింది, నాన్న ఉరికాడు...’ అని ఒక మాట అందించి ఆగండి. ఆగడమే కష్టం. కాసేపు మౌనంగా ఉంటేనే మనకు ఇబ్బందిగా తోచి నోరు తెరుస్తాం, అతని వంతు అక్కడే పోతుంది. అతనికి బాగా నవ్వొచ్చే ఘట్టాన్ని పూర్తిగా అతనికే వదిలేయండి. మాట రాకపోతే చెప్పుల జతను ఎత్తి చూపినా చెప్పినట్టే. ఇంట్లో ఒకే వరుసలో, ఒకే మాటలతో పలుమార్లు చెప్పించండి.

జనగామ పాఠకుడు:
ఒగ్గుకథ చూసినవారికి ఇదంతా తెలిసిన సంగతే. ప్రధాన కథకుడి మాటను పక్కనున్న వంతలు అందుకుంటారు, ఊ కొడతారు, ప్రశ్నిస్తారు, అందువల్ల కథ ఒక్కరి నోటి మీదే ఆధారపడదు. మీరు వంతగా ఉండండి, కథకుడి స్థానం మాత్రం తమ్ముడిదే కావాలి. చేర్యాల (2016 దాకా మన వరంగల్ జిల్లాలోదే) నకాశీ పటాల్లో కులపురాణాన్ని గుడ్డ మీద అరలు అరలుగా చిత్రిస్తారు, కథకుడు ఒక్కో బొమ్మనూ చూపుతూ చెప్పుకుపోతాడు. తర్వాత ఏముందో బొమ్మే గుర్తుచేస్తుంది. ఖద్దరు గుడ్డ మీద రైలు, నాన్న, చెప్పుల ఫోటోలు అతికించినా మీ పని జరుగుతుంది. అయితే ‘ఒకే వరుస’ అన్న టీచరు గారి మాటతో నేను ఏకీభవించలేను. అతను చెప్పుల దగ్గరే మొదలుపెడితే అక్కడి నుంచే కథ నడవాలి.

కరీంనగర్ నాన్న:
మా అమ్మాయి విషయంలో గమనించింది చెబుతాను. ‘ప్రత్యేక అంశం’ అంటూ చివర్లో పెడితే జనం జాలిగా వింటారు, మిగతావారి మధ్యలో పిలిస్తే కథగా వింటారు. సాంస్కృతిక కార్యక్రమాల్లో అందరితో సమానంగా పాల్గొనే హక్కును 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 29వ సెక్షన్ గుర్తించింది కాబట్టి, నిర్వాహకులను బతిమాలే పని లేదు. వీడియో తీసి వాట్సాప్‌లో పెట్టే ముందు మాత్రం అతన్ని అడగండి. నాన్నగారినీ అడగాలి, చెప్పులు ఆయనవి కదా.

హనుమకొండ అక్క:
అందరికీ ధన్యవాదాలు. నాన్న ఒప్పుకున్నారు, కానీ రైల్లో ఒట్టికాళ్లతో తాను పడ్డ అవస్థను తానే చెప్పుకుంటారట. తమ్ముడు ససేమిరా అంటున్నాడు.