కొత్త కుట్టు మిషన్: బట్ట కింద దారం గుత్తులు కడుతోంది, బాబిన్ స్క్రూ బిగించాలా?

ప్రశ్న, హనుమకొండ నుంచి:

అందరికీ నమస్తే. కాలితో తొక్కే నల్ల కుట్టు మిషన్ కొత్తది తీసుకున్నాం. తల, టేబుల్, ఇనుప స్టాండు విడివిడిగా ఇచ్చారు. మా తమ్ముడు ఇంట్లోనే బిగించాడు. తొక్కితే బాగానే తిరుగుతోంది కానీ కుట్టు రావట్లేదు. పైనుంచి చూస్తే ఫరవాలేదు అనిపిస్తుంది, బట్ట తిప్పి చూస్తే కింద దారమంతా గుత్తులు గుత్తులుగా ఉంటుంది. జానెడు కుట్టేసరికి మిషన్ పట్టేస్తుంది. మధ్యమధ్యలో కుట్టు తప్పుతోంది కూడా. పక్కింటి వదిన చూసి, కింద దారం వదులుగా ఉంది, బాబిన్ (కింది దారం చుట్టే చిన్న ఉండ) పెట్టే కేసు మీద చిన్న స్క్రూ బిగించు అన్నది. కొంచెం బిగించాను, తేడా లేదు. ఇంకా బిగించాలా? బతుకమ్మకు పాపకు లంగా, జాకెట్ నేనే కుట్టాలని ఉంది. రోజులు దగ్గర పడుతుంటే టెన్షన్‌గా ఉంది.

జనగామ నుంచి:

ఇంకో అర చుట్టు బిగించి చూడు చెల్లె. మా ఇంట్లో మిషన్‌కు అట్లనే సరి అయింది.

కాజీపేట నుంచి (టైలరింగ్ నేర్పుతాను):

అన్నా, మీ మిషన్‌కు అలా కుదిరి ఉండొచ్చు. కానీ ఈ చెల్లె చెప్పిన గుర్తులకు ఆ స్క్రూతో పని లేదు. చెల్లె, స్క్రూ మీద చెయ్యి తీసెయ్. కొత్త మిషన్ బాబిన్ కేసు సాధారణంగా సర్దే వస్తుంది. దాన్ని తిప్పడం అన్నీ చూశాక చేసే చివరి పని.

గుత్తులు కింద కనబడుతున్నాయి కాబట్టి కింది దారం వదులైందని అందరం అనుకుంటాం. నిజంగా అక్కడ పోగయ్యేది పై దారం. నమ్మకం కుదరకపోతే పైన ఎర్ర దారం, బాబిన్‌లో తెల్ల దారం పెట్టి పాత గుడ్డ మీద కుట్టి చూడు. కింద గుత్తి ఎర్రగా ఉంటే తేలిపోయినట్టే.

ఎందుకలా అవుతుందంటే, సూది పై దారాన్ని బట్టలోంచి కిందికి తీసుకుపోతుంది. అక్కడ షటిల్ కొక్కెం ఆ దారాన్ని ఉచ్చులా పట్టి బాబిన్ కేసు చుట్టూ తిప్పి వదులుతుంది. మిగిలిన దారాన్ని పైన ఎగిరెగిరి పడే లివర్ వెనక్కి లాగేసుకుంటే రెండు దారాలూ బట్ట మందంలో ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. పై దారం టెన్షన్ బిళ్ళల (దారాన్ని నొక్కి పట్టే రెండు గుండ్రటి రేకుల) మధ్యకు పోకపోయినా, ఆ లివర్ కంతలోంచి ఎక్కించడం మరిచిపోయినా వెనక్కి లాగేవాళ్ళు ఉండరు. ఉచ్చులన్నీ కిందే మిగిలి షటిల్‌కు చుట్టుకుంటాయి. అప్పుడే మిషన్ పట్టేస్తుంది.

కాబట్టి పై దారం మొత్తం తీసేసి మళ్ళీ ఎక్కించు. ముందు ప్రెషర్ ఫుట్, అంటే బట్టను నొక్కి పట్టే పాదం, పైకి లేపు. ఇది చాలామంది పట్టించుకోరు. ఫుట్ లేచి ఉంటేనే టెన్షన్ బిళ్ళలు వదులై దారం మధ్యలోకి పోతుంది, దించి ఉంటే బిళ్ళల అంచు మీదే ఆగిపోతుంది. చక్రం తిప్పి లివర్‌ను బాగా పైకి తెచ్చుకో. రీలు నుంచి దారం తెచ్చి, బిళ్ళల మధ్యగా లాగి, పక్కనున్న చిన్న తీగ స్ప్రింగులో పడేలా చూసి, పైకి తీసుకెళ్ళి లివర్ కంతలోంచి ఎక్కించి, కిందికి దించి, దారం కొక్కేలకు తగిలించి సూది దాకా తీసుకురా. సూదిలో ఎక్కించే ముందు ఒక పరీక్ష చెయ్: ఫుట్ లేపి దారం లాగితే జారినట్టు రావాలి, ఫుట్ దించి లాగితే గట్టిగా పట్టినట్టు ఉండాలి. రెండుసార్లూ ఒకేలా వస్తే దారం బిళ్ళల్లో పడలేదు.

ఇది కాగానే చెప్పు, కుట్టు తప్పడం గురించి తర్వాత చూద్దాం.

హనుమకొండ నుంచి:

అక్కా, ఎర్ర దారం పెట్టి చూశాను. కింద గుత్తి మొత్తం ఎర్రదే! మీరు చెప్పినట్టు మళ్ళీ ఎక్కించాను. ఫుట్ దించినప్పుడు దారం ఇప్పుడు గట్టిగా పడుతోంది. గుత్తులు పోయాయి. కానీ మూడు నాలుగు కుట్లకు ఒకటి ఇంకా తప్పుతోంది, మొదలుపెట్టగానే కొంచెం దారం చిక్కు పడుతోంది.

కాజీపేట నుంచి:

మొదట్లో చిక్కు సంగతి సులభం. రెండు దారాల కొసలూ జానెడు వదిలి, ఫుట్ కింది నుంచి వెనక్కి తీసి, మొదటి రెండు మూడు కుట్లు పడేదాకా వేలితో పట్టుకో. బాబిన్ దారం పైకి తీయకుండా కుట్టొద్దు. పై దారం కొస ఎడమ చేత్తో పట్టుకుని చక్రం ఒక చుట్టు తిప్పితే బాబిన్ దారం ఉచ్చులా పైకొస్తుంది, దాన్ని బయటికి లాగాలి. కుట్టు మొదలుపెట్టేటప్పుడూ ఆపేటప్పుడూ లివర్ పైనే ఉండాలి. లేకపోతే మొదటి తొక్కుడుకే సూదిలోంచి దారం ఊడిపోతుంది.

కుట్టు తప్పడం మాత్రం సూది పనే అయ్యుంటుంది. ఇంటి మిషన్ సూదిని వేళ్ళ మధ్య తిప్పి చూడు. పై భాగం ఒక వైపు గుండ్రంగా, ఒక వైపు చప్పటగా ఉంటుంది. చప్పట ఉన్న వైపే కంతకు కొంచెం పైన చిన్న పల్లం ఉంటుంది, షటిల్ కొక్కెం దారాన్ని పట్టేది అక్కడే. దానికి ఎదురు వైపు సూది పొడవునా సన్నటి గాడి ఉంటుంది. బట్టలోకి దిగేటప్పుడు దారం ఆ గాడిలో దాక్కుంటుంది. అందుకే దారం ఎప్పుడూ గాడి ఉన్న వైపు నుంచే ఎక్కించాలి. సూది తిరగేసి పెడితే కొక్కేనికి దారం అందదు, కుట్టు తప్పుతుంది లేదా అసలే పడదు.

చప్పట వైపు ఎటు ఉండాలన్నది మిషన్‌ను బట్టి మారుతుంది. నల్ల తొక్కుడు మిషన్లలో పక్కకు ఉంటుంది, కొత్త జిగ్‌జాగ్ మోటారు మిషన్లలో వెనక్కి ఉంటుంది. నీ మిషన్‌తో ఇచ్చిన పుస్తకంలో బొమ్మ ఉంటుంది చూడు. పుస్తకం లేకపోతే సూదికి కాస్త పైన ఉండే చివరి దారం కొక్కెం ఏ వైపు ఉందో గమనించు, గాడి ఆ వైపుకే వస్తుంది. ఇంకొకటి, సూదిని పైదాకా తోసి ఆపైన స్క్రూ బిగించాలి. గింజంత కిందికి జారినా కుట్టు తప్పుతుంది.

సిరిసిల్ల నుంచి:

అక్క చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. దానికి ఒక మాట కలుపుతాను. సూది నంబర్ కూడా చూసుకోండి. మామూలు కాటన్ జాకెట్, లంగా బట్టకు 14 నంబర్ సరిపోతుంది. పల్చటి పట్టు, షిఫాన్, జార్జెట్ అయితే 11. జీన్స్, మందం సంచులకు 16 లేదా 18. పల్చటి బట్టకు లావు సూది వేస్తే చిల్లులు కనబడతాయి, దారాలు లేస్తాయి. సూది కొనేటప్పుడు ఇంటి మిషన్‌కు అని చెప్పి అడగాలి. షాపుల్లో, ఫ్యాక్టరీల్లో వాడే జూకీ తరహా పెద్ద మిషన్ల సూది పై భాగం చుట్టూ గుండ్రంగానే ఉంటుంది, మనకు పనికిరాదు. కొన వంగిన సూదితో కుట్టడం కంటే కొత్తది మార్చడం చవక. కుడుతుంటే టక్ టక్ అని చప్పుడొస్తోందంటే సూది మొద్దుబారి ఉండొచ్చు.

హనుమకొండ నుంచి:

సూది విప్పి చూశాను. గాడి అవతలి వైపుకు తిరిగి ఉంది. తిప్పి, పైదాకా తోసి బిగించాను. ఇప్పుడు ఒక్క కుట్టూ తప్పట్లేదు! కానీ బాబిన్ స్క్రూ నేను తిప్పాను కదా, దాన్ని మళ్ళీ ఎక్కడికి తేవాలో తెలియట్లేదు. కుట్టు కొంచెం బట్టను ముడుచుకుంటోంది.

కాజీపేట నుంచి:

ముడుచుకుంటోందంటే కింద దారం బిగుసుకుందన్నమాట. బాబిన్ కేసు బయటికి తీసి, నిండు బాబిన్ అందులో పెట్టి, దారం కొస పట్టుకుని కేసును గాలిలో వేలాడదియ్. కింద ఇంకో చెయ్యి పట్టు. దానంతట అది జారిపోకూడదు. చెయ్యి కొంచెం విదిలిస్తే రెండు మూడు వేళ్ళ వెడల్పంత జారి ఆగాలి. అస్సలు కదలకపోతే స్క్రూ వదులు చెయ్, జర్రున జారిపోతే బిగించు. ఒక్కోసారి గడియారంలో ఐదు నిమిషాలంత మాత్రమే తిప్పాలి. అంతకు మించితే ఎటు పోతున్నామో మనకే తెలియదు. ఆ స్క్రూ చాలా చిన్నది, ఊడి కింద పడితే దొరకదు, పళ్ళెం పెట్టుకుని చెయ్.

బాబిన్ కేసులో పెట్టేటప్పుడు దారం చీలికలోంచి పోయి రేకు కిందికి రావాలి. లాగితే బాబిన్, చాలా ఇంటి మిషన్లలో, గడియారం ముల్లు తిరిగే దిక్కున తిరుగుతుంది. కేసును మిషన్‌లో పెట్టినప్పుడు టక్కుమని కూర్చోవాలి. కూర్చోకపోతే సూది పోయి దానికే తగిలి విరుగుతుంది.

ఇంకా కుట్టు సమానంగా లేకపోతే ఇక పై టెన్షన్ బిళ్ళల ముందున్న నాబ్‌తోనే సర్దుకో. కింది దారం పైకి తేలి చుక్కల్లా కనబడితే పై నాబ్ వదులు చెయ్యాలి, పై దారం కింద తేలితే బిగించాలి.

నర్సంపేట నుంచి:

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి అక్కా. తొక్కుతుంటే చక్రం ఒక్కోసారి ఉల్టా తిరుగుతోంది, దారం తెగిపోతోంది. మోటారు పెట్టించుకోమంటున్నారు. పెట్టించుకోవాలా?

కాజీపేట నుంచి:

తొక్కడం చేతనయ్యాకే మోటారు గురించి ఆలోచించమ్మా. చక్రం పై భాగం ఎప్పుడూ నీ వైపుకు తిరగాలి. ఉల్టా తిరిగిన ప్రతిసారీ దారం షటిల్‌లో చుట్టుకుంటుంది. కుడి చేత్తో చక్రాన్ని నీ వైపుకు తిప్పి, ఆ ఊపు పట్టుకుని తొక్కడం మొదలుపెట్టాలి. నా దగ్గరికి వచ్చే పిల్లలకు నేను మొదట దారం ఇవ్వను. సూదిలో దారం లేకుండా, గీతలున్న నోటు పుస్తకం కాగితం పెట్టి, గీత మీదే సూది పడేలా తొక్కిస్తాను. ఆ సూది ఆ తర్వాత బట్టకు పనికిరాదు, పాతది పెట్టుకో. గీత తప్పకుండా పోవడం, గీత చివర ఆపడం, మూల తిప్పడం వచ్చాక బట్ట చేతికిస్తాను. బట్టను వెనక నుంచి లాగొద్దు, సూది కింద ప్లేటులోంచి లేచే పళ్ళే దాన్ని తీసుకుపోతాయి. లాగితే సూది వంగి ప్లేటుకు తగులుతుంది.

మోటారు పెట్టించుకుంటే స్టాండు తోలు బెల్టు తీసెయ్యాలి. సూది మార్చేటప్పుడు, నూనె వేసేటప్పుడు ప్లగ్గు పీకాలి. పెడల్ మీద కాలు ఊరికే ఆనించి ఉంచితే మోటారు తిరగకుండా గుయ్‌మంటూ వేడెక్కుతుంది. చిన్నపిల్లలున్న ఇల్లయితే తొక్కుడు మిషనే నయం.

కరీంనగర్ నుంచి:

మా అమ్మ మిషన్ ఏళ్ళుగా మూలకు ఉంది. చక్రం కదలట్లేదు. కొబ్బరి నూనె వెయ్యొచ్చా?

కాజీపేట నుంచి:

కొబ్బరి నూనె, పల్లి నూనె, ఏ వంట నూనే వద్దు తమ్మీ. అవి ఎండి జిగురవుతాయి. మీ మిషన్ బిగుసుకోవడానికి బహుశా అదే కారణం. నూనె రంధ్రాల్లో, కదిలే ప్రతి కీలులో రెండు చుక్కలు కిరోసిన్ వేసి పూటంతా వదిలెయ్యండి. దగ్గర్లో పొయ్యి, దీపం ఉండకూడదు, మోటారు ఉంటే ముందు విప్పి పక్కన పెట్టాలి. తర్వాత చక్రాన్ని చేత్తో మెల్లగా ముందుకూ వెనక్కీ ఆడించాలి, బలవంతం చెయ్యొద్దు. వదులయ్యాక మురికి తుడిచి కుట్టు మిషన్ నూనె వెయ్యండి. పళ్ళ మీది ప్లేటు విప్పితే కింద దూది పేరుకుని ఉంటుంది, పాత పళ్ళ బ్రష్‌తో తీయండి. షటిల్ తిరిగే చోట దారం ముక్క ఇరుక్కున్నా చక్రం కదలదు, అది కూడా చూడండి. చివరికి పనికిరాని గుడ్డ మీద కాసేపు కుట్టండి, మిగిలిన నూనె దానికి అంటిపోతుంది.

ఇంత పొడుగ్గా రాయడానికి ఒక కారణం ఉంది. 2024 నుంచి సర్కారు బడి పిల్లల యూనిఫాంలు కుట్టే పని మహిళా సంఘాలకు ఇస్తున్నారు, బతుకమ్మ, దసరా ముందు జాకెట్ల పని ఎలాగూ ఉంటుంది. మిషన్ కొన్న మొదటి వారంలో దారం చిక్కు పడిందని బట్ట కప్పి పక్కన పెట్టేసిన ఆడవాళ్ళను చాలామందిని చూశాను. వాళ్ళ మిషన్లలో చెడిపోయింది ఏమీ ఉండదు.

హనుమకొండ నుంచి:

అక్కా, స్క్రూ వదులు చేశాను, ముడుచుకోవడం పోయింది. రేపు లంగా మొదలుపెడతా. చివరిగా ఒకటి. వాన పడ్డ రోజు తోలు బెల్టు జారుతోంది, తొక్కినా చక్రం కదలట్లేదు.

కాజీపేట నుంచి:

చెమ్మకు తోలు సాగుతుంది. బెల్టు రెండు కొసలను కలిపే ఇనుప తీగను పట్టకారుతో విప్పి, అర వేలి వెడల్పంత కోసి, కొత్త కంత చేసి మళ్ళీ తగిలించు. ఎక్కువ కోస్తే బిగుసుకుని తొక్కడానికి బరువైపోతుంది. కోసే ముందు పొడి గుడ్డతో బెల్టూ చక్రం గాడీ తుడిచి చూడు, నూనె అంటినా ఇలాగే జారుతుంది.