షిమిజు కలకత్తా మ్యాచ్‌ల వివరాలు ఎక్కడ దొరుకుతాయండీ?
పాత టెన్నిస్ పిచ్చి ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త హెల్ప్ చేయండి. జపాన్ ప్లేయర్ జెంజో షిమిజు ఉన్నాడు కదా, మిత్సుయి కంపెనీ ఉద్యోగం మీద కలకత్తా వచ్చి అక్కడే ఆట పెంచుకుని 1920 వింబుల్డన్‌లో ఆల్ కమర్స్ ఫైనల్ (అంటే ముందటి ఏడాది ఛాంపియన్‌తో ఎవరు ఆడాలో తేల్చే మ్యాచ్) దాకా వెళ్ళి అమెరికా ప్లేయర్ టిల్డెన్ చేతిలో ఓడిపోయాడు. అదే ఏడాది ఇంకో జపాన్ ప్లేయర్ ఇచియా కుమగే ఆంట్వెర్ప్ ఒలింపిక్స్‌లో సింగిల్స్, డబుల్స్ రెండిట్లో సిల్వర్ కొట్టాడు కాబట్టి ఎక్కడ చూసినా ఆయన గురించే, నాకైతే షిమిజునే ఇష్టం. 1921 డేవిస్ కప్‌లో (దేశాల మధ్య జరిగే టెన్నిస్ టోర్నీ) మన ఇండియాని చికాగోలో ఓడించింది కూడా ఈ జపాన్ టీమే మరి. ఆ కలకత్తా రోజుల మ్యాచ్ రిపోర్టులు, పేపర్ కటింగ్‌లు ఆన్‌లైన్‌లో ఎక్కడైనా ఉన్నాయా, లేక కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి వెళ్ళాల్సిందేనా? వెళ్తే పాత పేపర్లు బయటివాళ్ళకి చూపిస్తారా?