సాయంత్రమయ్యేసరికి తనంతట తానే ఆగి మొదలవుతున్న మోడెం: లోపం అడాప్టర్‌దేనా?

ప్రశ్న: ఖమ్మంవాసి

అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఫైబర్ కనెక్షన్ తీసుకుని నాలుగేళ్లు దాటింది. గత మూడు వారాలుగా మోడెం రోజుకు అయిదారు సార్లు తనంతట తానే ఆగిపోతోంది. దీపాలన్నీ ఒక్కసారిగా ఆరి, మళ్లీ మొదటి నుంచి ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. పగటిపూట ఈ బెడద దాదాపు ఉండదు. పిల్లలు బడి నుంచి వచ్చాక టీవీ, ఫోన్లు, ల్యాప్‌టాప్ అన్నీ ఒకేసారి వాడే సమయంలో, అంటే ఏడు నుంచి పది గంటల మధ్యే ఎక్కువగా జరుగుతోంది. కనెక్షన్ ఇచ్చినవారు పంపిన కుర్రవాడు అయిదు నిమిషాలు చూసి, బోర్డు పోయిందని, కొత్త మోడెం కొనాలని చెప్పి వెళ్లాడు.

అడాప్టర్ మీద 12 వోల్టులు, 1.5 ఆంపియర్లు అని ఉంది. మల్టీమీటరుతో పిన్ను దగ్గర చూస్తే 12.1 చూపించింది కనుక దానిలో లోపం లేదనుకున్నాను. ఇంట్లో పాత సెట్‌టాప్ బాక్సుకు వచ్చిన 12 వోల్టుల 1 ఆంపియర్ అడాప్టర్, మరో పాత రూటరుకు చెందిన 9 వోల్టుల అడాప్టర్ ఉన్నాయి. దుకాణంలో మాత్రం 12 వోల్టుల 2 ఆంపియర్లది దొరుకుతుందట. ఎక్కువ ఆంపియర్లు ఉన్నది పెడితే మోడెం కాలిపోదా?

జవాబు: పాతమెకానిక్

కాలిపోదండి. మనం వాడుకలో విద్యుత్తు మొత్తాన్నీ కరెంటు అనే పిలుస్తాం కాబట్టి ఈ తికమక అందరికీ వస్తుంది. వోల్టులు అడాప్టర్ నెట్టేవి, ఆంపియర్లు మోడెం లాక్కునేవి. మీ వంటింట్లోని 16 ఆంపియర్ల సాకెట్‌లో సెల్‌ఫోన్ ఛార్జర్ పెట్టినప్పుడు ఫోన్ కాలిపోవడం లేదు కదా, ఇదీ అంతే. వోల్టులు సరిగ్గా కలవాలి. ఆంపియర్లు సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉండాలి. అందుచేత 9 వోల్టులది పక్కన పెట్టేయండి. 1 ఆంపియర్‌ది పెడితే పగలు పనిచేసి, సాయంత్రం ఇదే లక్షణం చూపించవచ్చు. అప్పుడు మోడెందే తప్పని మీరు పొరబడే ప్రమాదం ఉంది.

మీరు చూసిన 12.1 గురించి ఒక మాట. ఏ బరువూ (కరెంటు లాగే పరికరం) లేకుండా చూసిన వోల్టేజీ అడాప్టర్ ఆరోగ్యాన్ని చెప్పదు. లోపల ఉండే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు (మా షాపుల్లో కండెన్సర్లు అంటాం) ఏళ్ల తరబడి వేడికి క్రమంగా ఎండిపోతాయి. అలా ఎండినవి ఉన్న అడాప్టర్లు ఖాళీగా ఉన్నప్పుడు 12 వోల్టులు చూపిస్తూనే, వైఫై మీద నాలుగు పరికరాలు ఒకేసారి పడి మోడెం ఎక్కువ ఆంపియర్లు అడిగిన క్షణంలో కుంగిపోతాయి. ఆ కుంగుబాటు రెప్పపాటు ఉన్నా చాలు, మోడెం ఆగి మళ్లీ మొదలవుతుంది. మీ సాయంత్రపు బెడదకు ఇది అతికినట్టు సరిపోతోంది.

పరీక్షించడానికి బైకు ఇండికేటరులో వేసే 12 వోల్టుల 10 వాట్ల బల్బు తెచ్చుకోండి. అది సుమారు 0.8 ఆంపియర్లు లాగుతుంది. సీసీ కెమెరాలు బిగించేవారు వాడే, స్క్రూలతో తీగలు బిగించుకునే ఆకుపచ్చ డీసీ పిన్ను ఒకటి కొని, దానికి బల్బునూ మీటరునూ కలిపి పదిహేను నిమిషాలు చూడండి. 1.5 ఆంపియర్ల అడాప్టర్ బాగుంటే అంకె 12 దగ్గరే నిలబడాలి. హెడ్‌లైటు బల్బు మాత్రం పెట్టవద్దు. 35 వాట్లదైతే దాదాపు 3 ఆంపియర్లు లాగి, బాగున్న అడాప్టర్‌ను కూడా చెడినట్టు చూపిస్తుంది. అడాప్టర్‌ను విప్పే ప్రయత్నం అసలే చేయవద్దు. మన 230 వోల్టుల సరఫరా లోపల 325 వోల్టుల డీసీగా మారి, ప్లగ్గు తీసిన తరువాత కూడా కొంతసేపు నిలిచి ఉండవచ్చు.

జవాబు: మిద్దెగది

పై జవాబుతో నేనూ ఏకీభవిస్తున్నాను, అయితే బల్బు కొనే ముందే ఖర్చు లేని పని ఒకటుంది. మోడెం సెట్టింగుల పేజీలోకి వెళితే, అది ఎంతసేపటి నుంచి ఆగకుండా నడుస్తోందో చాలా మోడెంలలో కనిపిస్తుంది. ఇంటర్నెట్ పోయిన వెంటనే చూడండి. ఆ లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలైతే మోడెం నిజంగా ఆగిందన్నమాట. రోజుల లెక్క అలాగే ఉంటే అడాప్టర్‌ను అనుమానించడం అనవసరం.

కొత్తది కొనేటప్పుడు పిన్ను లావు చూసుకోండి. బయటి కొలత 5.5 మిల్లీమీటర్లే అయినా లోపలి రంధ్రం 2.1 ఉన్నవీ, 2.5 ఉన్నవీ దొరుకుతాయి. 2.5 ది 2.1 సాకెట్‌లో దూరుతుంది గానీ వదులుగా కూర్చుని, తీగ కదిలినప్పుడల్లా మోడెం ఆగుతుంది. లేబుల్ మీది గుర్తులో మధ్య పిన్ను ప్లస్సా మైనస్సా అన్నది కూడా పాతదానితో పోల్చుకోవాలి. భారతీయ ప్రమాణాల సంస్థ నమోదు ఉన్న అడాప్టర్ మీద ఐఎస్ 13252 వంటి ప్రమాణ సంఖ్య, ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉంటాయి. అవి లేని చవక సరుకు మీద 2 ఆంపియర్లు అని ముద్రించినంత మాత్రాన అన్ని ఆంపియర్లు ఇస్తుందని నేను నమ్మను.

జవాబు: ఖమ్మంవాసి

ఇద్దరికీ ధన్యవాదాలు. ఇంటర్నెట్ పోయిన మూడుసార్లూ ఆ లెక్క సున్నా నుంచే మొదలైంది. తరువాత బల్బు కలిపి చూశాను. మొదట 11.6 చూపించి, పది నిమిషాలకు 10.3 కు దిగి, అక్కడి నుంచి నిలకడ లేకుండా ఊగింది. అడాప్టర్ చేత్తో పట్టుకోలేనంత వేడెక్కింది. వెంటనే తీసేసి, నమోదు సంఖ్య ఉన్న 12 వోల్టుల 2 ఆంపియర్లది తెచ్చి పెట్టాను. ఈ రోజుకు ఎనిమిది రోజులు, ఒక్కసారి కూడా ఆగలేదు. అయితే నిన్న వర్షం కురిసినప్పుడు ఇంటర్నెట్ అరగంట పోయింది. దీపాలు ఆరలేదు గానీ ఒకటి ఎర్రగా మెరిసింది, రోజుల లెక్క మాత్రం చెక్కుచెదరలేదు. ఇది కూడా అడాప్టర్ పనేనా?

జవాబు: పాతమెకానిక్

కాదండి. ఎల్ఓఎస్ అని రాసి ఉన్న దీపం ఎర్రగా మెరిసిందంటే ఫైబర్ నుంచి వెలుతురు మోడెం దాకా చేరడం లేదని అర్థం. కిటికీ దగ్గర తీగ మరీ మడత పడిందేమో ఒకసారి చూసుకుని, అక్కడ ఏమీ లేకపోతే కనెక్షన్ ఇచ్చినవారికి ఫిర్యాదు చేయండి. స్తంభం మీది జాయింటు సరిచూడవలసింది వారే. ఈసారీ బోర్డు పోయిందని వారంటే ఆ ఎనిమిది రోజుల లెక్క చూపించండి.