1 తిమోతి 4:7లో “సాధకము” అంటే?

గాజువాక నుంచి:
“దేవభక్తి విషయములో నీకు నీవే సాధకము చేసికొనుము.” ఆదివారం యవ్వనస్థుల కూటంలో ఈ వచనం మీద చెప్పాలి. సాధకుడు తెలుసు, మరి సాధకము? వచ్చేవాళ్లలో సగంమంది ప్లాంటులో షిఫ్టులు మారే పిల్లలే. వాళ్లకు ఆచరణలో ఏం చెప్పాలో కూడా పెద్దలు చెప్పండి.

పాత పోస్టాఫీసు నుంచి:
సాధకుడు మనిషి, సాధకము పని, బ్రదర్. సంగీతం నేర్చుకునేవాళ్లు తెల్లవారుజామున చేసేది అదే. గ్రీకు క్రియ గుమ్నాజో, పందేలకు దిగేవాళ్లు ఒళ్లు వంచి చేసే కసరత్తు. అందుకే వెంటనే 8వ వచనంలో “శరీర సంబంధమైన సాధకము” వచ్చింది. కొత్త నిబంధనలో ఈ క్రియ ఇంకో మూడుచోట్ల ఉంది. హెబ్రీ 5:14లో మేలు కీడులు వివేచించే జ్ఞానేంద్రియాలకు సాధకం. 12:11లో మనవాళ్లు “అభ్యాసము” అన్నారు. మూడోది పిల్లలకు తప్పకుండా చూపించండి: 2 పేతురు 2:14, లోభిత్వంలో సాధకం చేయబడిన హృదయం. మనం పూనుకోకపోయినా హృదయం ఏదో ఒకదానికి అలవాటు పడుతూనే ఉంటుంది. రాత్రి ఒంటిగంటకు రీల్స్ తిప్పే వేలికి ఆ సాధకం ఎవరు నేర్పారు?

మధురవాడ నుంచి:
అన్నా, “నాలుగున్నరకే లేవండి” అని మాత్రం చెప్పకండి. నైట్ షిఫ్టు చేసొచ్చినవాడు నాలుగు రోజులు చూసి మానేస్తాడు, పైగా తనకు భక్తి లేదనుకుంటాడు. ఎప్పుడు నిద్ర లేస్తే అప్పుడు, ఫోను ముట్టుకోకముందే, ఒక కీర్తన చదివి ప్రార్థన చేసుకోమనండి. అచ్చు బైబిలే మేలు, యాప్ తెరిచేలోపు వాట్సాప్ లాగేస్తుంది.

బైబిలు మొత్తం 1,189 అధ్యాయాలు. రోజుకు మూడు, ఆదివారం ఐదు చదివితే ఏడాదిలో పూర్తవుతుంది. జనవరిలో మొదలుపెడితే నెలాఖరుకు లేవీయకాండం వస్తుంది, చాలామంది ఆగిపోయేది అక్కడే. వారం తప్పితే 23 అధ్యాయాలు బాకీ పడతాయి. అవన్నీ ఒక్క రాత్రిలో తీర్చబోయి పుస్తకమే మూసేస్తారు. తప్పినవి వదిలేసి ఈరోజువి చదవాలి.

ఉపవాసం మొదట్లో వారానికి ఒక పూట చాలు. షుగరుకు మందులో ఇన్సులినో వాడేవాళ్లు డాక్టరుని అడగకుండా చేయకూడదు. మందు వేసుకుని తిండి మానేస్తే షుగరు పడిపోవచ్చు. మిగిలిన భోజనం డబ్బు ఆకలిగొన్నవాళ్లకు చేరాలి, యెషయా 58:7 అడిగేది అదే.

పాత పోస్టాఫీసు నుంచి:
ఒక్కమాట. “నీకు నీవే” అంటే ఒంటరిగా అని పిల్లలు తీసుకునే ప్రమాదముంది. నీ కసరత్తు ఇంకొకరు చేసిపెట్టలేరు, అంతవరకే దాని భావం. 10వ వచనం కూడా చదివించండి: మనం ప్రయాసపడేది జీవముగల దేవునియందు నిరీక్షణ ఉంది కనుక. అది వదిలేస్తే ఇదంతా మార్కుల లెక్క అయిపోతుంది.

మధురవాడ నుంచి:
అవును. ఒకే షిఫ్టులో తిరిగే ఇద్దరిద్దరిని జతచేయండి. వారానికోసారి కలిసినప్పుడు “చదివావా?” అనొద్దు, “ఆఁ” అనేసి ఊరుకుంటారు. “ఏం చదివావు?” అని అడగమనండి.