గ్రీకుల ‘ఓహి’కి మన మాట ఏది?

నిన్న ఒకరు అడిగారు: “అక్టోబర్ 28 గ్రీసులో ‘ఓహి’ రోజట, అంటే ‘నో’ రోజు. ఎక్కడో ‘కాదు దినోత్సవం’ అని రాశారు. చదివితే నవ్వొచ్చింది. మరేమనాలి?”

నాకు తోచింది చెబుతా. 1940లో ఆ రోజు తెల్లవారుజామున మూడింటికి ఇటలీ రాయబారి గ్రాత్సీ, ఏథెన్సు దగ్గర కిఫీసియాలో ప్రధాని మెటాక్సాస్ ఇంటికి వెళ్లి నిద్ర లేపాడు. చేతిలో ముస్సోలినీ కాగితం: మా సైన్యం మీ నేలమీద కీలక స్థావరాలు ఆక్రమిస్తుంది, అడ్డుపడకండి, గడువు ఆరింటిదాకా. ఐదున్నరకే అల్బేనియా వైపు నుంచి దాడి మొదలెట్టారనుకోండి, అది వేరే సంగతి. గ్రాత్సీ తరవాత రాసుకున్నదాని ప్రకారం మెటాక్సాస్ ఫ్రెంచిలో “అయితే యుద్ధమే” అన్నాడు. దాన్ని ‘ఓహి’ అనే ఒక్క మాటగా కుదించింది పత్రికలూ జనమూను.

ఇప్పుడు మన మాటలు. ‘నో’కి మనకు సందర్భానికో మాట: ‘ఇది పులి కాదు’, ‘ఇంట్లో ఉప్పు లేదు’, ‘నాకు కాఫీ వద్దు’. ముస్సోలినీ కాఫీ ఇవ్వలేదు, దారి అడిగాడు. మా చేలో గట్టు తొక్కుకుంటూ ట్రాక్టరు తోలుకుపోతానన్నవాడికి మా తాత చెప్పింది ఒకటే ముక్క: “వీల్లేదు.” నా ఓటు దానికే.

గ్రీకులో ‘ఓహి’ ఒంటరిగా నిలబడే మాట. క్రియ పక్కన చేరాలంటే ‘దెన్’ రావాలి: ‘దెన్ థెలో’ అంటే ‘నాకు వద్దు’. ఇంకో తమాషా, వాళ్ల ‘నే’ అంటే అవును! హిందీ చెవితో విన్నవాడు గోతిలో పడ్డట్టే.

– ‘వీల్లేదు దినం’ అంటే ఆఫీసు గోడమీద బోర్డులా ఉంది సార్.

నిజమే. పేరు ‘ఓహి’ అనే ఉంచి, అర్థం పక్కన చెబుదాం.

– ఆ మెటాక్సాస్ 1936 ఆగస్టు 4 నుంచి నియంత కదా? సొంత దేశంలో ఎవర్నీ తనకు ‘ఓహి’ అననివ్వలేదు.

అదే అసలు చమత్కారం. అందుకే అక్కడ చాలామంది ఆ ‘ఓహి’ ఆయనది కాదు, ప్రజలది అంటారు. 1941లో జర్మన్, ఇటాలియన్ ఆక్రమణ కిందే ఏథెన్సు విశ్వవిద్యాలయంలో ఆ రోజును గుర్తుచేసుకున్నారు. 1952లో గ్రీకు చర్చి మేరీమాత రక్షణ పండగను అక్టోబర్ 1 నుంచి ఇదే తేదీకి మార్చింది. 2011లో థెస్సలోనికిలో ప్రభుత్వ పొదుపు చర్యల మీద కోపంతో జనం ‘ఓహి’ రోజు కవాతును అడ్డుకుంటే, అధ్యక్షుడు పపూలియాస్ వేదిక దిగి వెళ్లిపోయాడు.

– అప్పిచ్చినవాళ్ల షరతులు ఒప్పుకోవాలా అని 2015 జూలైలో పెట్టిన రెఫరెండంలోనూ (ప్రజాభిప్రాయ ఓటింగులో) ఇదే మాట గెలిచింది కదా, 61 శాతంతో?

అవును. బ్యాలట్ మీద ‘దెన్’తో ‘ఆమోదించబడదు’ అనీ, దాని కింద ‘ఓహి’ అనీ రెండూ వేశారు. అక్కడ మాత్రం మా తాత మాట అతకదు. ‘ఒప్పుకోం’ అనాల్సిందే.